చొప్పవామి సరిహద్దు

భూమిని సృష్టించినవాడు దేవుడే కావచ్చు. కానీ ప్లాను జతపరచలేదు గనక, ఆ సృష్టి నేటికీ అసంపూర్తి దరఖాస్తు కిందే లెక్క. ఆ లోపాన్ని సరిదిద్దడానికే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగులో స్థలపటాల నిర్ధారణ కార్యాలయం అని ఒకటి వెలిసింది. (అంతకుముందు జనం ప్లాన్లు లేకుండానే పుట్టి, ఇళ్లు కట్టుకుని, వాటిలోనే చచ్చిపోయేవాళ్లు. అదెలా సాధ్యమైందో ఆ కార్యాలయానికి చివరిదాకా అంతుపట్టలేదు.)

గొర్రెల బాలయ్యకు ఇదేమీ తెలియదు పాపం. పుట్టినప్పటి నుంచీ మంద వెంట తిరిగి తిరిగి అతని మోకాళ్లు అరిగిపోయాయి. "ఇంగ నా చేత కాదు. నాకొక పొయ్యి కావల్ల. పొద్దున యాడ పెట్నానో మాపటికీ అది ఆడనే ఉండల్ల," అంది పెండ్లాం నాగేశ్వరమ్మ. ఆ ఒక్క మాటకే బాలయ్య ప్రొద్దుటూరు దారిలో అమీర్ బాషా దగ్గర ఇంటిస్థలం కొన్నాడు. పొయ్యి పెట్టాలంటే స్థలం తన పేరు మీద రిజిస్ట్రీ కావాలి. రిజిస్ట్రీకి ప్లాను కావాలి.

ప్లాన్లు గీసే కోదండపాణి కార్యాలయం వసారాలోనే కూర్చుంటాడు. స్థలం చూడటానికి ఎండలో పోవడమనేది ఆయన జాతకంలో లేదు. నాలుగు దిక్కులూ అడిగి తెలుసుకుంటాడు. దక్షిణాన దారి, పడమట వంక, ఉత్తరాన బండ అని బాలయ్య చెప్పాడు.

"తూర్పున ఏముంది బాలయ్యా?"

గొర్రెలు కాసేవాడికి దిక్కులు మేతతోనే గుర్తు. "అమీర్ బాషా చొప్పవామి ఉండాది సామీ. శానా పెద్దది," అన్నాడు బాలయ్య.

కోదండపాణి స్కేలు పెట్టి, నల్లసిరాతో వామిని గీశాడు. అబ్బో, ఏం గీశాడు! కట్టకు కట్ట లెక్కపెట్టుకోవచ్చు. చూసిన గొర్రె ఏదైనా కాగితాన్ని నమిలేసేది.

ఎండాకాలం గడిచాక నిర్ధారణాధికారి పార్థసారథి గారు ప్లాను చేతబట్టుకుని స్వయంగా విచ్చేశారు. దారి ఉంది, వంక ఉంది, బండ ఉంది. వామి లేదు.

"ఎద్దులు తినేసినాయి సార్," అన్నాడు అమీర్ బాషా.

"సరిహద్దును తిన్నాయా?"

"మేత గదా సార్. వాటికి సరిహద్దని ఎవరు చెప్పినారు?"

పార్థసారథి గారు ప్లానును చూశారు, నేలను చూశారు. రెంటిలో ముద్ర ఉన్నది ప్లాను మీదే.

"ప్లానులో ఆ గీత చెరిపేస్తే సరిపాయె గదా సామీ?" అన్నాడు బాలయ్య.

"ముద్ర పడినాక ప్లాను తప్పు కావడానికి వీల్లేదయ్యా," అన్నారాయన ఓపిగ్గా. "స్థలము ప్లానుకు భిన్నముగా నున్నచో స్థలమునే సవరించవలెనని రూలు. నేలను సర్దుకోమను."

బాలయ్య చాపాడు నుంచి బండి మీద చొప్ప తోలించి నేలను సర్దాడు. అయితే కొత్త వామి బాలయ్యది, దాని కింది నేల అమీర్ బాషాది. ఒకరి సరిహద్దు మరొకరి నేల మీద ఊరికే నిలబడితే ప్రభుత్వం ఊరుకుంటుందా? ఆ కాస్త జాగాకు లీజు రాయించుకోమన్నారు. లీజుకు ఇంకో ప్లాను. మళ్లీ కోదండపాణి, మళ్లీ తూర్పు దిక్కు.

బాలయ్యకు ఈసారి బుద్ధి వచ్చింది. మేత పేరు చెబితే తినేవాళ్లుంటారని తెలిసిపోయింది గనక, తినేదాని పేరే చెప్పాడు. "మా దేవరకు మొక్కిన పొట్టేలును ఆడ కట్టేసినా సామీ."

పొట్టేలు కొమ్ములతో సహా ప్లానులోకి ఎక్కింది. ఇక దాన్ని విప్పకూడదు, కోయకూడదు. ఆ ఏడు దేవరకు గుమ్మడికాయ కొట్టి సరిపెట్టారు. (అమ్మవారు కూడా రూలు చూసి ఊరకున్నట్టుంది.) ఇంతలో ఆంధ్ర రాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్ అయింది. రాష్ట్రం సరిహద్దులే మారాయి గానీ బాలయ్య వామి మారలేదని కార్యాలయం గర్వంగా నమోదు చేసుకుంది.

రిజిస్ట్రీ అయింది. గుడిసె లేచింది. నాగేశ్వరమ్మ మూడు రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, పొయ్యి మీద చేయి వేసి చాలాసేపు అలాగే కూర్చుంది. ఆమెకు అంత సంతోషం ఎన్నడూ లేదు.

మరుసటేడు వాన మొహం చాటేసింది. బీళ్లన్నీ ఎండిపోయాయి. గొర్రెలు వామి వైపు తిరిగి అరుస్తుంటే నాగేశ్వరమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"పీకి యెయ్యరాదా," అంది మొగుడితో.

"అది మేత కాదే, సరిహద్దు. ఏటా వచ్చి చూస్తారంట. లేకుంటే రిజిస్ట్రీ రద్దంట."

అయినా బాలయ్య మోకాళ్లు పట్టుకుంటూ జమ్మలమడుగు పోయి మొర పెట్టుకున్నాడు. పార్థసారథి గారు చెడ్డవారు కాదు, కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించారు. తర్వాత ప్లాను పరిచారు.

"నీ గొర్రెల బాధ నాకు తెలియదా? కానీ ఇందులో గొర్రెలు యాడుండాయో చూపించు."

బాలయ్య ఎంత వెతికినా పొట్టేలు తప్ప ఇంకే గొర్రే కనపడలేదు.

ఇంకేం చేస్తారు? మందను బతికించుకోవాలి. పొట్టేలును అమీర్ బాషాకు అప్పగించి, పొయ్యిని ఉన్నచోటనే వదిలి, గుడిసెకు తాళం వేసి, మొగుడూ పెండ్లాం మళ్లీ మంద వెంట నెల్లూరు దిక్కు నడిచారు. నాగేశ్వరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

ఏటా చేసే తనిఖీకి పార్థసారథి గారు వచ్చారు. చల్లారిన పొయ్యి దాటుకుని తూర్పుకు పోయారు. వామి ఉంది. పొట్టేలు ఉంది. ఆయనకు ఎంతో తృప్తి కలిగింది. అక్కడే నిలబడి రాసుకున్నారు: "స్థలము ప్లాను ప్రకారమే యున్నది. యజమానులు కానరాలేదు. వారిని ప్లానులో చూపియుండలేదు గనుక అది లోపము కాదు."