మంత్రిగారి పది నిమిషాల ధైర్యం

ఆడవాళ్ళందరికీ సిగ్గును తక్షణమే రద్దు చేస్తున్నట్టు ఆరోగ్యశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. ప్రతి స్త్రీ గర్భాశయ ముఖద్వారానికి పరీక్ష చేయించుకోవాలి, తొలి పరీక్ష మంత్రిగారిదే. "సిగ్గు వీడదాం" అనే నినాదాన్ని పద్నాలుగుసార్లు దిద్ది టైపు చేసిన ఘనత ఆవిడ టైపిస్టుది. ఒక్కరే ఉంటే ఫొటో బోసిగా ఉంటుందని పీఏగారు ఆమెనూ వరుసలో నిలబెట్టారు.

వారానికి ఫలితాలొచ్చాయి. ఇద్దరికీ తేడా కణాలున్నాయి.

"క్యాన్సర్ కాదు. వదిలేస్తే ఎప్పటికైనా కావచ్చు. సన్నటి తీగతో ఆ కాస్తా తీసేస్తారు, పది నిమిషాల పని," అంది పరీక్ష చేసిన డాక్టరమ్మ.

టైపిస్టుకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఇదే జబ్బును ఆవిడ "రేపు చూద్దాంలే" అంటూ నాలుగేళ్ళు నెట్టుకొచ్చి, అయిదో ఏట పోయింది.

మంత్రిగారి దిగులు వేరు. "ఇది పత్రికలకెక్కితే నా పరువేం కావాలయ్యా?"

"సిగ్గు వీడదామని మనమే అన్నాం కదా మేడమ్?" అన్నారు పీఏగారు.

"అది జనానికయ్యా!"

పీఏగారిది పాదరసంలాంటి బుర్ర. బుధవారం మంత్రిగారు ముఖానికి ముసుగు కట్టి, ఫైలుకని అడిగి తీసుకున్న టైపిస్టు ఆరోగ్య కార్డు పట్టుకుని ఊరి చివరి ఆస్పత్రికి వెళ్ళి పని ముగించుకొచ్చారు. పత్రికలకు మాత్రం పన్ను నొప్పని చెప్పారు.

శుక్రవారం టైపిస్టు, తిరిగొచ్చిన కార్డుతో, తన వంతు కోసం అదే ఆస్పత్రికి వెళ్ళింది. కౌంటర్లో గుమస్తా కంప్యూటర్ చూశాడు.

"మీకు మొన్ననే అయిపోయిందమ్మా."

"నాకు కాలేదండీ."

"అయిందనే ఉంది. మీకు తెలియలేదంటే, అంత నొప్పి లేకుండా చేశారన్నమాట."

ఆమె తిన్నగా పీఏ గదికి వచ్చింది. "నా కార్డు మీద ఎవరు చేయించుకున్నారో చెప్పమంటారా? మా అమ్మలా నేను పోనండీ!"

వరండాలో నలుగురు తలలు తిప్పారు. పీఏగారికి చెమటలు పట్టాయి.

"అరవకు తల్లీ! మేడమ్ కార్డు ఖాళీగానే ఉంది. దాని మీద వెళ్ళిరా."

ముసుగు కూడా మంత్రిగారిదే ఇచ్చారు. ఈసారి కౌంటర్లో వేరే గుమస్తా, కార్డు మీద పేరు చూసి లేచి నిలబడ్డాడు. లోపల మత్తు సూది చురుక్కుమంది, యంత్రం కాసేపు రొద పెట్టింది. టైపిస్టు "అమ్మా, అమ్మా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"మంత్రులు కూడా ఏడుస్తారా మేడమ్?" అంటూ నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది.

గుమస్తా నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు పత్రికలన్నీ ఒకటే రాశాయి: "సామాన్యురాలిలా క్యూలో నిలబడ్డ మంత్రి. తల్లిని తలుచుకుని కంటతడి." మంత్రిగారు శీర్షిక చదివి సొమ్మసిల్లారు. తేరుకుని మిగతాది చదివాక, టైపిస్టును పిలిచి ఉపన్యాసం చెప్పడం మొదలుపెట్టారు.

"నేను సిగ్గుపడలేదు. ఆ పది నిమిషాలూ నా తల్లే నా కళ్ళ ముందు మెదిలింది. రాశావా?"

"రాశానండీ."

ఆ ఉపన్యాసం పదకొండు ఊళ్ళలో జనాన్ని ఏడిపించింది. పన్నెండో చోట సన్మానం ఉన్న రోజే తీసిన ముక్కల్ని పరీక్షించిన ల్యాబ్ నుంచి రెండు కవర్లొచ్చాయి. మంత్రిగారి పేరున్న కాగితంలో, ఏమీ మిగల్లేదు, అంతా శుభ్రం అని ఉంది. టైపిస్టు పేరున్న దానిలో, కొన్ని కణాలు మిగిలాయి, వెంటనే మళ్ళీ రావాలి అని ఉంది.

మంత్రిగారు తన కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. రెండోది చదివి నిజంగానే బాధపడ్డారు.

"అయ్యో, నీకు మళ్ళీ చేయాలటే!"

టైపిస్టు తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "మేడమ్, ఆ కాగితం మీదేనండీ."

మంత్రిగారు కళ్ళజోడు పెట్టుకుని పేరు రెండుసార్లు చదివారు.

"పిచ్చిదానా, భయంలో అలాగే అనిపిస్తుంది. సిగ్గుపడకు. నన్ను చూసి నేర్చుకో."

"వదిలేస్తే ప్రమాదమన్నారు కదండీ. మా అమ్మ కూడా ఇలాగే..."

"అందుకే చెబుతున్నా, రేపే వెళ్ళు."

అక్కడికక్కడే ఆమెకు ఒక రోజు సెలవు, జీతంతో సహా, మంజూరు చేస్తూ సంతకం పెట్టి, మంత్రిగారు సన్మానానికి బయల్దేరారు.