జానెడు తక్కువ లిఫ్టు

లిఫ్టు జానెడు ఎత్తు పోగొట్టుకున్నది సరిగ్గా డాక్టరమ్మ రావలసిన రోజే. ఆవిడ కొత్త ఆసుపత్రికి లిఫ్టులు చిట్టి, ఆమె పెదనాన్న దగ్గర కొంటేనే వాళ్ళ లిఫ్టుల వర్క్‌షాపు నిలుస్తుంది. పెదనాన్న పొద్దున్నే నమూనా లిఫ్టు అద్దాలు తుడిచి, టీ గ్లాసుతో మూడో అంతస్తులో దిగబోయి, గడప తన్నుకుని బోర్లా పడ్డాడు. లిఫ్టు నేలకు జానెడు కిందే ఆగింది.

చిట్టి కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది. లిఫ్టును నడిపే ప్రోగ్రాం పెదనాన్న కొడుకు రాసింది. ఆ అన్నయ్య చనిపోయాక చూసుకుంటున్నది ఆమే. లిఫ్టు కదులుతుంటే సెన్సరు టిక్కుమంటుంది. ప్రతి టిక్కుకూ కంప్యూటరు లోపల పనులన్నిటినీ నడిపించే కెర్నెల్ చేస్తున్న పని ఆపి, లిఫ్టు ఎక్కుతుంటే ఎత్తు లెక్కకు ఒకటి కలుపుతుంది, దిగుతుంటే ఒకటి తీసేస్తుంది. అందుకు అన్నయ్య అటామిక్ అనే ప్రత్యేకమైన కూడిక వాడాడు. ఒకటి కలపడానికి ఇంత హంగామా ఎందుకని చిట్టి నిన్ననే దాన్ని తీసి మామూలు కూడిక పెట్టింది.

ఎందుకో ఇప్పుడు తెలిసింది. నిన్న లిఫ్టు దిగేటప్పుడు, దాన్ని నడిపే అసలు పని లెక్కను చదివి, సరిచేసి, తిరిగి రాయబోయే లోపు సెన్సరు మధ్యలో దూరి ఒకటి తీసేసి పోయింది. ఆ పైన పాత లెక్క వచ్చి పడింది. టిక్కు గల్లంతు. అలా కొన్ని పోయేసరికి లిఫ్టు ఉన్నదానికన్నా పైనున్నాననుకుని ముందే ఆగిపోయింది.

"మీ అన్నయ్య ఉండగా ఇలా కాలేదే," అన్నాడు పెదనాన్న, మోకాలు రుద్దుకుంటూ.

"లెక్కకి తాళం వేసేస్తా పెదనాన్నా. ఒకరి చేతిలో ఉంటే ఇంకొకరు ఆగాలి."

వేసింది. ఒకసారి నడిపి చూస్తే బుద్ధిగా నడిచింది. అంతలో డాక్టరమ్మ రానే వచ్చింది, పెదనాన్న ఆవిణ్ణి ఎక్కించుకుని పైకి బయలుదేరాడు. రెండు అంతస్తుల మధ్య లిఫ్టు బిగుసుకుపోయింది.

చిట్టి తల పట్టుకుంది. తాళం వేసుకున్న పనినే ఆపి, సెన్సరు తాళం కోసం కాచుక్కూచుంది. సెన్సరు లేస్తే తప్ప ఆ పని కదలదు, తాళం తీస్తే తప్ప సెన్సరు లేవదు. ఒకడి గుండెల మీద కూర్చుని, లేచి తలుపు తీయమని వాణ్ణే అడిగినట్టుంది.

"ఎవరి కోసం ఆగిందమ్మా?" తలుపు లోంచి డాక్టరమ్మ అడిగింది.

"దాని కోసం అదే ఆగిందండీ," అంది చిట్టి.

"ఆగినా కింద పడదని చూపిద్దామనే," అన్నాడు పెదనాన్న నీరసంగా.

చిట్టి తాళం పీకేసి, సెన్సరు చోటా అసలు పని చోటా అన్నయ్య రాసిన అటామిక్ కూడికే తిరిగి పెట్టింది. చదవడం, కలపడం, రాయడం మూడూ ఒకే గుక్కలో. మధ్యలో దూరడానికి సందే లేదు, ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. ప్రోగ్రాంలోని ఆ ఒక్క వరుసను ఆమె గుడిలోకి వచ్చినదానిలా చూస్తూ నిలబడింది. మనుషుల ప్రాణాలు మోసే పెట్టెను అన్నయ్య ఇంత సన్నని చోట నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు భోజనానికి వెళ్ళిపోయి ఉంటాడు.

మళ్ళీ మొదలుపెడితే లిఫ్టు మెల్లగా కిందికి దిగి, లెక్క మొదటినుంచి పెట్టుకుని, మూడో అంతస్తుకు వెంట్రుకవాసి తేడా లేకుండా చేరింది. "గడప ఉంది, కాలెత్తండి," అని హెచ్చరించి, తానే కాలెత్తి, లేని గడప మీంచి పెదనాన్న మళ్ళీ బోర్లా పడ్డాడు.

డాక్టరమ్మ ఆయన్ని లేపింది. "పాడైతే ఎందుకు పాడైందో చెప్పే మనిషి మీ దగ్గరుంది. లిఫ్టులు మీవే పెట్టిస్తాను."

ఆ వరుసను ముట్టుకునే ముందు తనను అడగమని అన్నయ్య ఒకప్పుడు చెప్పాడు. చిట్టికి అడగాలనిపించేసరికి అతనే లేడు.