వాసిం నాసికా సంగ్రామం

తుమ్ము ముక్కులో పుడుతుందా, భయంలో పుడుతుందా? తుమ్మకూడదన్న తలంపే దానికి తల్లి కాదు కదా? అని, ప్రచండ మార్తాండుడు పల్నాటి పత్తి చేలను, మిరప కల్లాలను ఏకచ్ఛత్రంగా ఏలుతున్న మాఘమాస మధ్యాహ్నాన, సత్తెనపల్లికి ఆమడ దూరంలోని ప్రయోగశాలలో, నిశ్చలాసనధురీణుడు, పరిశోధక విద్యార్థి వాసిం తనలో తాను తర్కించుకుంటున్నాడు.

అతని ఎదుట, ఉక్కు పీపా గర్భంలో, ద్రవ హీలియం చలిలో అల్యూమినియం కడ్డీ వేలాడుతోంది. నక్షత్రాలు ఢీకొంటే పుట్టే గురుత్వ తరంగాలను వినడం కోసం పుట్టిన కడ్డీ అది. ఇంతవరకు ఏదీ వినలేదు.

"ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాల జల్లు తగిలితేనైనా మోగాలి కదయ్యా. సాయంత్రానికి హీలియం అయిపోతుంది. ఆలోగా ఒక్కటి పట్టావా సరే, లేదంటే చెవిటి కడ్డీ అని రాసి మూసేద్దాం" అని పొద్దునే చెప్పి వెళ్లారు ప్రయోగశాల పెద్దాయన నాగేంద్రబాబు గారు. వాసిం చదువంతా ఆ కడ్డీకే వేలాడుతోంది. గదిలో చీమ చిటుక్కుమన్నా అది వణుకుతుంది. ఉక్కు తలుపు తీస్తే ఇక చెప్పనక్కర్లేదు.

శత్రువును మాత్రం అతనే పిలిచాడు. ప్రయోగశాల ముందున్న నున్నటి సిమెంటు గచ్చు చూసి, మిరపకాయలు ఎండబోసుకుంటానని పక్క చేను రాజ్యం అడిగితే, "దానికేముంది పిన్నీ" అన్నాడు. ఇప్పుడామె మిరప యార్డుకి ఆటోలో వేసుకెళ్లడానికి ఎండిన కాయల్ని గోతాలకెత్తుతోంది. అరుణధూళిధ్వజాలతో, రంధ్రాన్వేషణచతురమైన ఘాటుసేన కిటికీ సందుల్లోంచి చొరబడి అతని నాసికాదుర్గాన్ని ముట్టడించింది.

"ఓ నాసికా," అని వీరుడు మనసులోనే పలికాడు, "యుగాల తరబడి నడిచొచ్చిన అతిథికి గడపలో తుమ్ముతో ఎదురుపోతావా? పుట్టిననాటి నుంచి నిన్ను నా ముఖమధ్యాన సింహాసనమేసి కూర్చోబెట్టాను. ఒక్క పూట నిగ్రహం చూపు."

నాసిక వినలేదు. అతని కళ్ల నుంచి ధారలు కారాయి. రాజ్యం కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏమయ్యా, ఏడుస్తున్నావా? తుమ్మా? తుమ్మితే రెండు తుమ్ము. యార్డుకి బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము తుమ్మావంటే నీతో మాట్లాడను."

వాసిం చేతులు జోడించాడు.

అప్పుడు కిరణాల జల్లును పసిగట్టడానికి పీపా పైన అమర్చిన కణ శోధకాలు, కిందనున్న కడ్డీ ఒకే క్షణాన ఉలిక్కిపడ్డాయి. తెర మీద గీత కొండలా లేచింది. మోత చల్లారేదాకా కదలకూడదు. కదలలేదు. గీత మెల్లగా దిగి, నేలను తాకి, పడుకుంది. చెవిటిది కాదు, చెవిటిది కాదు అని అతని లోపల చాలా చిన్నవాడెవడో వెక్కి వెక్కి ఏడ్చాడు. మరుక్షణం దుర్గం బద్దలైంది.

బయట అప్పుడే బయల్దేరబోయిన ఆటో మోత ఆగిపోయింది. రాజ్యం గోతం మీద కూలబడింది.

"ఒంటి తుమ్ము. ఇక నేను కదలను."

"ఎక్కమ్మా, పొద్దుపోతే యార్డు ముందు బండ్ల వరస పెరుగుద్ది" అన్నాడు ఆటో నడిపే బుడే.

"నువ్వూరుకో. ఆ అబ్బాయి ఇంకోటి తుమ్మాలి."

వాసిం తలుపు తీసుకుని వచ్చాడు. "రావట్లేదు పిన్నీ."

"ఇందాక ఆపుకోలేక చచ్చావుగా?"

"ఇందాక వచ్చింది."

"మరి నా కాయల గతేంటయ్యా?"

వద్దన్నప్పుడు సేనలతో వచ్చినది, రమ్మంటే రాదు. మనసు కూడా ఇంతే కాబోలు అనుకుంటూ అతను గచ్చు మీదకు వంగి, రంగు చెడిన తాలుకాయ ఒకటి ఏరి, విరిచి, ముక్కు కింద పెట్టుకుని సూర్యుడి వైపు తలెత్తాడు. అలా, విశ్వకిరణగ్రాహి, గంటసేపు స్వనాసికను జయించినవాడు, పల్నాటి మిరప గోతాలకు మార్గం సుగమం చేయనున్న శుభశకునప్రదాత వాసిం, రెండోసారి తుమ్మాడు.