పెద్దాయన తుమ్ము

ఆ ఉదయం ల్యాబ్ అధికారిణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆర్థిక శాఖ పెద్దాయన వస్తారు. గదులన్నీ తిప్పి చూపించి, ఓ కప్పు కాఫీ ఇచ్చి, రెండో డీఎన్ఏ యంత్రం ఫైలు మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ ఫైలు ఎప్పుడు పైకి వెళ్ళినా ‘తర్వాత చూద్దాం’ అన్న మాట మోసుకుని కిందికి దిగేది. అందుకే ఆ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో అందరూ ఆయన్ని చాటుగా ‘తర్వాతచూద్దాం గారు’ అని పిలుచుకునేవారు.

ఉన్న ఒక్క యంత్రం రాత్రింబవళ్ళు తిరుగుతున్నా పని తరగడం లేదు. నేరాలు జరిగిన చోట దొరికిన గుడ్డముక్కలు, గ్లాసులు, తాళ్ళు సీలు వేసిన కవర్లలో అల్మారాలన్నీ నింపేసి, వరండాలోకి కూడా వచ్చేశాయి. ఆ వరండా బల్ల మీదే ప్రతి సోమవారం ఒక ఇల్లాలు వచ్చి కూర్చునేది. ఆమె భర్త వ్యాను డ్రైవరు. గోడౌన్ దోపిడీ కేసులో జైల్లో ఉన్నాడు. దొంగ పారేసుకున్న టోపీని పరీక్షిస్తే అది ఇతనిది కాదని తేలిపోతుంది. ఆ టోపీ అల్మారాలో ఉంది. “ఈ వారమైనా అవుతుందా అండీ?” అని ఆమె అడిగినప్పుడల్లా అధికారిణికి తలెత్తి చూడాలంటే సిగ్గుగా ఉండేది.

పెద్దాయన వచ్చారు, జలుబుతో సహా. మాస్కు వల్ల కళ్ళద్దాలు మసకబారుతున్నాయని విసుక్కున్నారు. అధికారిణి ఫైలు తేవడానికి తన గదిలోకి వెళ్ళిన కాస్త వ్యవధిలో ఆయన మాస్కు గడ్డం కిందికి లాగి, పరీక్షల బల్ల మీద తెరిచి ఉన్న నమూనాల ట్రే మీదికి వంగి, కడుపారా తుమ్మారు. ఆమె తిరిగి వచ్చేసరికి మాస్కు ముక్కు మీదే ఉంది. “ఒకటి బాగానే తిరుగుతోంది కదమ్మా, రెండోది తర్వాత చూద్దాం” అని కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆ ట్రే ఫలితాలు వచ్చాక పోలీసు శాఖ ఉలిక్కిపడింది. నగల దుకాణంలో కన్నం వేసినవాడు, మోటారు సైకిళ్ళు ఎత్తుకుపోయినవాడు, చిట్‌ఫండ్ ఆఫీసు తాళం పగలగొట్టినవాడు, అందరూ ఒక్కడే. ఇన్‌స్పెక్టరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పత్రికలు ఆ ఒక్కడికి రోజుకో బిరుదు తగిలించాయి.

అందరికంటే ఎక్కువ హడలిపోయింది పెద్దాయనే. ఇంటి తాళాలు మార్పించారు. ఇన్‌స్పెక్టరుకు స్వయంగా ఫోన్ చేసి, “వాడు ఎంత పెద్దవాడైనా సరే, మొహమాటపడొద్దు” అని గట్టిగా చెప్పారు.

అధికారిణికి మాత్రం అనుమానం వచ్చింది. ఒక్క దొంగ ఇన్ని రకాల పనులు చేయవచ్చు గానీ, అన్నీ ఒకే ట్రేలోకి వచ్చేలా చేయలేడు. సిబ్బంది డీఎన్ఏలన్నీ పోల్చి చూసింది. ఎవరిదీ కాదు. ఆ రోజు లోపలికి వచ్చిన బయటి మనిషి ఒక్కరే. సంగతి ఇన్‌స్పెక్టరుకు చెప్పింది. ఆయన వెళ్ళి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

“సార్, ల్యాబ్‌లో తమరు మాస్కు తీశారా?”

నిబంధన తప్పానని ఒప్పుకోవడం పెద్దాయనకు నామోషీ అనిపించింది. “ఛ, నేనెందుకు తీస్తాను?”

“తీశానంటే ఇక్కడితో తేలిపోయేది సార్. తీయలేదంటున్నారు కాబట్టి, ఆ డీఎన్ఏ తమరిదైతే తమరే దొంగ అన్నమాట. నమూనా ఇవ్వండి. రిపోర్టు వచ్చేదాకా ఊరు దాటకండి.”

ఆ సాయంత్రం భార్య నిలదీసింది. “ఏమండీ, తాళాలు మార్పించింది దొంగ రాకుండానా, పోలీసులు రాకుండానా?” పెద్దాయనకు అన్నం సయించలేదు.

మర్నాడే ల్యాబ్‌కు పరుగెత్తి నమూనా ఇచ్చారు. “ఇప్పుడే పరీక్షించండి మేడమ్. ప్రమోషన్ ఆగిపోయేలా ఉంది.”

“వరస తప్పించకూడదు సార్. పలుకుబడి ఉన్నవాళ్ళవి ముందుకు జరపొద్దని మీ శాఖే ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వు కూడాను. మీ ముందు వరండా నిండా కవర్లున్నాయి.”

ఆయన వెళ్ళి వరండా బల్ల మీద కూర్చున్నారు. పక్కన డ్రైవరు భార్య ఉంది.

“మీవాళ్ళెవరండీ లోపల?” అందామె.

“లోపలున్నది నా కవరేనమ్మా. నేనేం చేయలేదు.”

“మావారూ అంతేనండీ. చేయలేదని చెప్పే టోపీ ఆ గదిలోనే ఉంది. చూసే మెషిన్ ఒక్కటే. ఇంకోటి కొందామని ఈ మేడమ్ అడిగినప్పుడల్లా పైన ఎవరో తర్వాత చూద్దామంటాడట. ఆయనకేం, హాయిగా ఇంట్లో ఉంటాడు. మా పిల్ల నాన్నేడని అడుగుతుంటే నేనేం చెప్పనండీ?”

పెద్దాయన గోడ వారన పేర్చిన కవర్లను చివరిదాకా లెక్కపెట్టారు. ఆయనకు మొదటిసారి సిగ్గేసింది. లేచి, ఆఫీసుకు వెళ్ళి, ఆ ఫైలు తెప్పించుకున్నారు. ఒక్క యంత్రం అడిగితే రెండు రాశారు, వాటిని నడిపే మనుషుల్ని కూడా రాశారు. పక్క ఊళ్ళ ల్యాబుల ఫైళ్ళూ దుమ్ము దులిపి సంతకాలు పెట్టారు. ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి, మాస్కు తీసిన మాట, తుమ్మిన మాట ఒప్పుకున్నారు.

“ఇప్పుడు చెబితే ఎలా సార్? కేసు నుంచి తప్పించుకోడానికి చెబుతున్నారని రాసుకోవాల్సొస్తుంది. రిపోర్టు రానీయండి.”

యంత్రాలొచ్చాయి, మనుషులొచ్చారు. వరండాలో నేల కనిపించడం మొదలైంది. టోపీ వంతు రానే వచ్చింది. అది డ్రైవరుది కాదు, గోడౌన్‌లో అందరి నమూనాలూ పోల్చి చూస్తే, ఇన్‌స్పెక్టరు ఎన్నడూ అనుమానించని గుమాస్తాది. డ్రైవరు విడుదలై, కూతుర్ని భుజాన ఎక్కించుకుని ల్యాబ్‌కు వచ్చాడు. అధికారిణి కళ్ళు తుడుచుకోవడం సిబ్బంది అంతా చూశారు, ఆమె దాచుకోలేదు కూడా. బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న పెద్దాయన లేచి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

మరికొన్నాళ్ళకు ఆయన వంతు వచ్చింది. “ఆ ట్రేలో ఉన్న ప్రతిదానిలోనూ మీరే ఉన్నారు సార్,” అంది అధికారిణి. “అదే గుడ్డముక్కల్లోంచి కొత్తగా నమూనాలు తీసి చూస్తే ఎక్కడా లేరు. తుమ్మే అని రాసిచ్చాను.”

అన్ని దొంగతనాల్లోనూ తన ఆనవాళ్ళే దొరికాయని తేలినందుకు ఆఫీసులో అందరికీ కాఫీ ఇప్పించిన అధికారి ఇప్పటికి ఆయనొక్కరే.