బంతిలో పడ్డ మెలిక

"ఆకుకూ ఆకుకూ నడుమ జానెడు సాలు" అని స్రవంతి, "మూరెడు ఉండాల్సిందే" అని ఆమె భర్త గిరిప్రసాద్ పొద్దున్నే తగవులాడుకున్నారు. తిరుపతిలో వాళ్ల ఇంటి వసారాలో ఆ రోజు చుట్టాలకు భోజనాలు. చివరికి మూరెడే నెగ్గింది. స్రవంతి దిగులు విస్తరాకుల గురించి కాదు. గిరిప్రసాద్ భౌతికశాస్త్ర పరిశోధన మాని బంగారుపాళ్యంలోని తమ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ చూసుకోవాలా వద్దా అన్నది అతని తండ్రి పరంధామయ్య భోజనాల దగ్గరే తేలుస్తానన్నాడు. అయాన్ల మీద, అంటే విద్యుదావేశమున్న పరమాణువుల మీద చేస్తున్న ఆ పరిశోధనకు ఇంకో ఏడాది ఓపిక పడితే భర్తకు డాక్టరేట్ వస్తుందని ఆమె ఆశ.

"ఈ పూట మీరు అయాన్ల మాట ఎత్తొద్దండి. మామకు ఒళ్లు మండుతాది."

"ఎత్తనులే."

అందరూ ఒకే బంతిలో కూర్చుని అన్నం కలుపుకుంటుండగా జీపులో మరికొందరు చుట్టాలు దిగారు. వసారాలో చోటు లేదు.

"ఒగరు ముందుకు, ఒగరు ఎనక్కి జరిగి దగ్గరగా నొక్కుకోండప్పా!" వాకిలి కొసన కూర్చున్న పరంధామయ్య కేకేశాడు.

"నిదానంగా నాయనా! ఒక కొస నుంచి..." అన్నాడు వడ్డిస్తున్న గిరిప్రసాద్.

"సాంబారు ఆరిపోతా ఉండాది. బిన్నా, గబగబా కానీండి!"

వాకిలి కొసవాళ్లూ వంటింటి కొసవాళ్లూ ఒకేసారి జరిగారు. నట్టనడుమ వెంకటముని, కుప్పయ్య ఇద్దరూ ముందుకే వచ్చి మోచేతులు గుద్దుకున్నారు. వెంకటముని సాంబారు కుప్పయ్య పాయసంలోకి పారింది.

"నువ్వు ఎనక్కి పో బావా."

"నేనే ఎందుకు పోవాల?" అంటూనే కుప్పయ్య వెనక్కి జరిగాడు. పక్కనున్న మునెమ్మ అప్పటికే వెనక ఉంది. ఇరుకు భరించలేక ఆమె ముందుకు జరిగితే, ముందే ఉన్న పక్కావిడ ఒడిలో రసం ఒలికింది. ఇలా గోల ఒక్కో ఆకే దాటుకుంటూ వాకిలి వైపు సాగింది.

గిరిప్రసాద్ సాంబారు గరిటెతో గెంతాడు. "మెలిక! నా అయాన్లు గూడా ఇంతే నాయనా! వరసగా ఉండేవాటిని గబుక్కున నొక్కితే ఆ కొస ఒక తీరు, ఈ కొస ఒక తీరు వంకర తిరుగుతాయి. కలిసేకాడ మెలిక పడతాది. ఎవరు జరిగినా అది పోదు, పక్కకు పోతాది. కొస దాటితేనే మాయం!"

స్రవంతి కళ్లు మూసుకుంది.

కొసన ఉన్నది పరంధామయ్య. పక్కనున్నాయన వెనక్కి వచ్చి మీద పడటంతో ఆయన ముందుకు జరిగి, ఆకుతో సహా వసారా మెట్టు దిగి చెప్పుల మధ్య కూర్చున్నాడు. మెలిక మాయమైంది. బంతి చక్కగా కుదిరింది. కొత్తగా వచ్చినవాళ్లకూ చోటు దొరికింది.

పరంధామయ్య మీసానికంటిన మెతుకు తుడుచుకున్నాడు. "అందరూ ఇనండి. వీడు ఫ్యాక్టరీకి రాడు. తినేటోళ్లు ఒగరి మీద ఒగరు పడతా ఉంటే గెంతులేసేవాడికి మిషన్లు అప్పజెప్తే, ఒక్క పనోడూ మిగలడు. సదువుకోనీండి."

స్రవంతి పాయసం గిన్నె తీసుకుని, చెప్పులు తొక్కకుండా మామ దగ్గరికి దిగింది.