అరవై అడుగుల అభివృద్ధి

"ఇక మీదట రైతు లోడు దారిలో ఆగదు, వెనక్కి తిరగదు, మధ్యలో పరాయి చెయ్యి తగలదు" అని వ్యవసాయ రవాణా మంత్రిగారు ప్రకటించినప్పుడు సభ చప్పట్లతో దద్దరిల్లిపోయింది. పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. ఆ వాక్యం రాసింది నేనే. మంత్రిగారు అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. కాగితం చూసి చదవడంలో ఆయన నిజాయితీ అలాంటిది.

నేను మార్కెటింగ్ శాఖ హెడ్డాఫీసులో సూపరింటెండెంటుని. పందొమ్మిదేళ్ల సర్వీసులో నా మీద ఒక్క రిమార్కు లేదు. ఎందుకంటే పందొమ్మిదేళ్లలో నేను సొంతంగా చేసిన పని కూడా ఒక్కటీ లేదు. ఈ పథకంలో మాత్రం నా కృషి చాలా ఉంది. ఆత్మస్తుతి అనుకోకపోతే వివరంగా మనవి చేసుకుంటాను.

పాత ప్రభుత్వం పంటలు మొయ్యడానికి నలభై అడుగుల ట్రైలర్లు కొన్నది. మా మంత్రిగారు ఆ ఫైలు తెప్పించుకుని చూశారు.

"వాళ్లది నలభై. మనది ఎంత ఉండాలయ్యా?"

డైరెక్టరుగారు కాసేపు ఆలోచించి, "నలభై అయిదు చేద్దాం సార్" అన్నారు.

"అయిదడుగుల కోసమా జనం మనకి ఓట్లేసింది?"

దాంతో అరవై అయింది. ఇంత సాంకేతికమైన నిర్ణయం ఇంత త్వరగా జరగడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

కొనుగోలు ఫారంలో ఒక కాలమ్ ఉంటుంది: "వాహనం మార్కెట్ యార్డు గేటులో పడుతుందా?" అది నింపడానికి నన్ను పంపారు. మరొకడైతే ఆఫీసులో కూర్చునే నింపేవాడు. నేను ఎండలో వెళ్లి, టేపు పెట్టి స్వయంగా కొలిచాను. గేటు వెడల్పు పద్నాలుగు అడుగులు. ట్రైలరు వెడల్పు ఎనిమిదిన్నర. తీసేస్తే అయిదున్నర మిగిలింది. రెండుసార్లు తీసేసి చూసుకున్నాను, అంతే మిగిలింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు మీద వేలేసుకుని చూస్తున్నాడు. "గేటు సరే సారూ, ఆ సందులోంచి ఇటు మలుపు తిరగాలి కదా" అన్నాడు.

ఫారం తిరగేసి చూశాను. మలుపుకు కాలమ్ లేదు. లేని కాలమ్ నింపడం పరిపాలనా సంప్రదాయం కాదు. "సునాయాసంగా పడుతుంది" అని రాసి, సంతకం పెట్టి వచ్చేశాను.

ట్రైలరు వచ్చింది. ఇరవై రెండు చక్రాలతో, మంత్రిగారి నిలువెత్తు బొమ్మతో ధగధగలాడుతూ వచ్చింది. మొదటి లోడు ఎవరిదన్న ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చింది. "ఫోటోకి బావుండాలి, మైకు ముందు నోరు విప్పకూడదు, అలాంటి రైతు కావాలి" అన్నారు డైరెక్టరుగారు. మా అక్క మొగుడు గుర్తొచ్చాడు. ఆయనది టమాటా తోట.

చెప్పగానే బావ వెనకాడాడు. "వద్దురా బామ్మర్దీ. నాకు అలవాటైన చిన్న లారీవాడున్నాడు. పొద్దున్న ఆరింటికల్లా యార్డులో దింపుతాడు, తొమ్మిదింటికి వేలంపాట అయిపోతుంది. టమాటా నీ ఫైలులాంటిది కాదు, రెండో రోజుకి మెత్తబడుతుంది, మూడో రోజుకి ఎవడూ ముట్టుకోడు. మొదటి కోత పురుగు తినేసింది. ఏడాది బతుకంతా ఈ కోత మీదే ఉంది."

"నీ ఫోటో పేపర్లో పడుతుంది బావా!"

"నా మొహం చూసి టమాటాలు కొంటారా?"

అక్క మధ్యలో వచ్చి, "తమ్ముడు అంత పెద్ద ఆఫీసులో ఉండగా మనకి భయమేమిటండీ?" అంది. ఆ మాటకి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అది కూడా కొలవని కొలతే. బావ సరేనన్నాడు. ఆయన పంట ట్రైలర్లో మూడో వంతుకే వచ్చింది. మిగతా చోట ఫోటో కోసం ఖాళీ క్రేట్లు పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, ప్రభుత్వ సీలు వేశాం. ఆ సీలు యార్డు లోపల, మంత్రిగారి చేతుల మీదుగానే తియ్యాలని రూలు. రూలు కూడా నేనే రాశాను.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు యార్డులో వేదిక మీద కూర్చున్నారు. బ్యాండు మోగుతోంది. ట్రైలరు సందులోంచి గేటు వైపు మలుపు తిరిగింది. అంటే, తిరగడం మొదలుపెట్టింది. ఇంజను గేటు లోపలికి వచ్చింది. లోడు సందులోనే ఉండిపోయింది. ఒక పక్క ప్రహరీ గోడ, రెండో పక్క కరెంటు స్తంభం. బ్యాండువాళ్లు ఇంకో పాట వాయించారు. ట్రైలరు కదల్లేదు.

డ్రైవరు ముప్పయ్యేళ్లుగా చెరుకూ ధాన్యమూ తోలుతున్న మనిషి. దిగి, బండి చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. "ఇది తిరిగే బండి కాదు సార్. వెనక్కి తీస్తాను, పెద్ద రోడ్డు మీద దింపుకోండి. పది నిమిషాల పని."

"వెనక్కా!" డైరెక్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "లోడు వెనక్కి తిరగదని మంత్రిగారు ప్రకటించారయ్యా!"

"ప్రకటించేటప్పుడు ఆయన ఈ సందు చూశారా సార్?"

బావ ముందుకొచ్చాడు. "పోనీ ఇక్కడే దింపేద్దామండీ. హమాలీలున్నారు. గేటు పదడుగుల దూరం. గంటలో మోసేస్తారు."

"సీలు యార్డు లోపలే తియ్యాలి. మంత్రిగారే తియ్యాలి."

"మంత్రిగారు లోపలే ఉన్నారు కదండీ, అదిగో!"

"మంత్రిగారు ఉన్నారు. లోడు లేదు" అన్నారు డైరెక్టరుగారు.

బావ నా వైపు తిరిగాడు. "ఏరా, నువ్వయినా చెప్పు."

కొలత తప్పు నాదేననీ, బండి వెనక్కి తీయించండనీ చెప్పడానికి అర నిమిషం చాలు. నోరు నాదే. పక్కన మైకు కూడా ఉంది. "కంగారు పడకు బావా, ప్రొసీజరు ప్రకారం చూద్దాం" అన్నాను.

అప్పుడు మంత్రిగారే వేదిక దిగి వచ్చారు. ట్రైలరు చూశారు, గేటు చూశారు. మామూలు మనుషులకు తట్టని ఆలోచన ఆయనకు తట్టింది. "లోడు యార్డులోకి రాకపోతే ఏమైందయ్యా? యార్డునే లోడు దాకా తీసుకెళ్లండి!"

చప్పట్లతో సందు మారుమోగింది. యార్డు సరిహద్దును అరవై అడుగులు బయటికి జరుపుతూ ఆర్డరు తయారు చెయ్యాలి. సర్వే కావాలి, అయిదు సంతకాలు కావాలి. టేపు పట్టుకుని సర్వే నేనే చేశాను. ఈసారి పొడవు కొలిచాను. ఫైలు చంకలో పెట్టుకుని గది గదికీ పరుగులు పెట్టాను. సందులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ నన్ను ఆపి, "సార్, నేను కూడా యార్డులోకి వచ్చేశానట. ఇప్పుడు నేను రైతునా, సరుకునా?" అని అడిగాడు. స్పష్టత కోసం పైకి రాశాం.

బావ ఆ దర్జీ అరుగు మీదే కూర్చున్నాడు. అన్నానికి రమ్మంటే రాలేదు. గంటకోసారి లేచి, టార్పాలిన్ కిందికి చెయ్యి పోనిచ్చి, టమాటా నొక్కి చూసి మళ్లీ వచ్చి కూర్చునేవాడు. రెండో రోజు మధ్యాహ్నం ట్రైలరు కిందినుంచి ఎర్రగా బొట్లు పడటం మొదలైంది. అక్క ఫోను చేసింది.

"పాట అయిపోయిందా తమ్ముడూ?"

"ఆర్డరు సంతకంలో ఉందక్కా."

"టమాటాలకి సంతకమెందుకురా?"

పందొమ్మిదేళ్ల సర్వీసులో నన్నెవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. సిగ్నల్ సరిగ్గా లేదని ఫోను పెట్టేశాను.

మూడో రోజు పదింటికి ఆర్డరు వచ్చింది. పదకొండింటికి మంత్రిగారు వచ్చారు. ఫోటోగ్రాఫర్లు సిద్ధమయ్యాక సీలు కత్తిరించారు. ముందు ఈగలు వచ్చాయి. తర్వాత ఎర్రటి రసం ధారకట్టి మంత్రిగారి బూట్ల మీదికి వచ్చింది. ఆయన ఏ మాత్రం తొణకలేదు. "చూడండి! మన రైతు పండించిన పంటలో ఎంత రసముందో చూడండి!" అన్నారు. మళ్లీ చప్పట్లు. నేనూ కొట్టాను.

బావ ఒక క్రేటులో చెయ్యి పెట్టి, తీసి, తువ్వాలుకి తుడుచుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. డ్యూటీలో ఉన్నాను కాబట్టి దాన్ని దగ్గులోకి మార్చుకున్నాను. కుళ్లిన సరుకు పారబోశాక డ్రైవరు ఎనిమిది నిమిషాల్లో బండి వెనక్కి తీసేశాడు. వెనక్కి వెళ్లింది ఖాళీ బండి కనుక ప్రకటనకు భంగం రాలేదు.

జరిగిన దాని మీద విచారణ వేశారు. ఏకసభ్య కమిటీ. విషయం క్షుణ్ణంగా తెలిసినవాడు ఉండాలని నన్నే వేశారు. రాగద్వేషాలు పక్కనపెట్టి విచారించాను. ట్రైలరు పొడవు మంజూరైన ప్రకారమే ఉంది. గేటు వెడల్పు రికార్డు ప్రకారమే ఉంది. మలుపు గురించి రూలే లేదు, కనుక ఉల్లంఘన లేదు. సంతకాలన్నీ గడువులోపే పడ్డాయి. గడువు దాకా గట్టిగా నిలబడలేకపోయింది టమాటా ఒక్కటే. నాణ్యత లేని సరుకు తెచ్చి పథకానికి మచ్చ తెచ్చినందుకు వచ్చే సీజను నుంచి మీ లోడును యార్డులోకి ఎందుకు రానివ్వాలో ఏడు రోజుల్లో చెప్పమని రైతుకు నోటీసు ఇచ్చాం. భాష చాలా బాగుందని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. కింద నా సంతకం.

నోటీసు అందిన నాలుగో రోజు బావ అది పట్టుకుని మా ఆఫీసుకే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానురా. ఏం రాశారో కాస్త చదివిపెట్టు."

సంతకం మీద బొటనవేలు పెట్టుకుని చదివాను. చివరిదాకా విని, "యార్డులోకి రానివ్వకపోతే పంట ఎక్కడ పోసుకోనురా? చేను అమ్ముకోవడమే" అన్నాడు. మళ్లీ తనే, "ఎవడు రాశాడోగానీ వీడు టమాటా ఎప్పుడూ చూసినట్టు లేడు" అన్నాడు.

"చూసి ఉండడు బావా" అన్నాను.

"దీనికి జవాబు నువ్వే రాసిపెట్టు. నాకింకెవరున్నారు?"

రాశాను. మూడు పేజీలు. నా జన్మలో అంత బాగా ఏదీ రాయలేదు. డ్రైవరు చెప్పిందీ, హమాలీలు మోస్తామన్నదీ, సంతకాలకు పట్టిన రోజులూ అన్నీ రాశాను. కొలవడానికి వచ్చిన ఉద్యోగి వాచ్‌మన్ చెప్పినా వినకుండా, మలుపు చూడకుండా వెళ్లిపోయాడని కూడా రాశాను. వినిపిస్తే బావ ఆశ్చర్యపోయాడు.

"ఈ సంగతి నీకెలా తెలుసురా?"

"ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను."

బావ సంతకం చేసి, తపాలాలో ఇచ్చి వెళ్లాడు. సోమవారం ఆ జవాబు నా బల్ల మీదికి వచ్చింది. ఆ సెక్షను నాదే. మొదటినుంచి చివరిదాకా చదివాను. ఉద్యోగి గురించిన పేరా దగ్గర కళ్లు చెమర్చాయి. "సమాధానం సంతృప్తికరంగా లేదు. బాధ్యతగల ఉద్యోగిపై ఆధారాలు లేని ఆరోపణ చేసినట్లు కనిపిస్తున్నది. తిరస్కరించవచ్చును" అని రాసి పైకి పంపాను. పైనుంచి అదే మాట సంతకంతో కిందికి వచ్చింది.

సాయంత్రం ఫోను చేసి చెప్పాను. "పైవాళ్లు ఒప్పుకోలేదు బావా."

"పోనీలేరా. నీ చేతిలో ఉన్నది నువ్వు చేశావు. నా కోసం చాలా తిరిగావు" అన్నాడు.

అక్క ఫోను అందుకుని, ఆదివారం భోజనానికి రమ్మంది. వెళ్లాను. బావ పక్కన కూర్చోబెట్టుకుని కొసరి కొసరి వడ్డింపజేశాడు. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.