ఏదైతే ఆగి ఉన్నదో ఆ ఓడ

ఆ పొద్దున అమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, కిటికీ తెరలు ఉతకడం. కూతురి పని అంత తేలిక కాదు. ప్రాచీన గ్రీకు కథలో ఒక పేజీని తెలుగు చేసి పదింటికల్లా మాస్టారికివ్వాలి. నచ్చితే పుస్తకమంతా తెలుగు చేసే పని ఆమెకే, లేకపోతే ఇంకొకరికి. రెండు వాక్యాలను ముడివేసే చిన్న సర్వనామం ఒకటి గ్రీకులో ఉంది. అది కనిపించినచోటల్లా ఆమె "ఎవరైతే", "ఏదైతే" అని రాసేది. మాస్టారు అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. "అర్థం ఉందమ్మా, తెలుగే లేదు."

కూతురు హడావిడిగా వెళ్ళాక, బల్లమీద మరిచిపోయిన కాగితం అమ్మ కంటపడింది.

"ఎవరైతే నన్ను కన్నదో ఆ తల్లి నన్ను వెతకకూడదు. ఏ ఇంట్లోనైతే పెరిగానో ఆ ఇంటిని విడుస్తున్నాను. ఏదైతే నా కోసం ఆగి ఉన్నదో ఆ ఓడ ఎక్కుతున్నాను."

అమ్మకు ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఇక ఇది చదివితే చెప్పాలా? "ఏమండీ! పిల్ల ఇల్లొదిలి పోయిందండీ!"

సగం గడ్డం గీసుకున్న నాన్న నురగతోనే వచ్చి చూశాడు. "ఇది దాని గ్రీకేమోనే."

"గ్రీకేంటండీ, తెలుగులోనే ఉంటేనూ! ఎంత బిగదీసి రాసిందో చూడండి. మనసు రాయి చేసుకుంటే తప్ప ఇలాంటి తెలుగు రాదు. నిన్న దుప్పటి మడతపెట్టలేదని కసిరాను కూడా!"

వెంటనే రేవులో పనిచేసే తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, నీ మేనకోడలు ఓడెక్కేస్తోందిరా!"

"ఏ ఓడక్కా?"

"ఏదైతే ఆగి ఉన్నదో ఆ ఓడరా!"

అమ్మా నాన్నా ఇంటికి తాళం వేసి రేవుకు పరుగెత్తారు. అక్కడ ఆగి ఉన్నది ఒక్కటే. మామయ్య దాన్ని కదలనివ్వలేదు. పైగా మైకులో, "ఇల్లొదిలి వచ్చిన అమ్మాయీ, దిగి రా తల్లీ, అమ్మ ఏడుస్తోంది" అన్నాడు. ముగ్గురు అమ్మాయిలు పెట్టెలతో సహా ఏడుస్తూ దిగారు. ముగ్గురిలో మన పిల్ల లేదు.

మన పిల్ల కాగితం కోసం ఇంటికి తిరిగొచ్చి, తాళం చూసి, నాన్నకు ఫోన్ చేసి, రేవుకు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నా కాగితం!"

అమ్మ కాగితం ఇవ్వలేదు, పిల్లను గట్టిగా పట్టుకుంది. "నిన్ను కన్న తల్లినే వెతకొద్దంటావా? పెరిగిన ఇల్లు వదిలి, నీ కోసం ఆగిన ఓడ ఎక్కేస్తావా?"

కోప్పడబోయిన కూతురు చెవి రిక్కించింది. "ఏమన్నావే? మళ్ళీ అను."

"ఎన్నిసార్లు ఏడవనే?"

"ఒక్కసారే. కాస్త నెమ్మదిగా ఏడు, రాసుకోవాలి."

నాన్న వీపు మీద కాగితం పెట్టి రాసుకుంది. "ఎవరైతే", "ఏదైతే" ఎటుపోయాయో, కన్న తల్లి, పెరిగిన ఇల్లు, ఆగిన ఓడ మిగిలాయి. గ్రీకు పేజీ సంగతి మామయ్యకు రెండు ముక్కల్లో చెప్పి, వెళ్తూ వెళ్తూ అమ్మ కళ్ళు తుడిచింది. "సాయంత్రం వచ్చేస్తాగా. దుప్పటి ముట్టుకోకు, నేనే మడతపెడతా."

పది కొట్టేసరికి మాస్టారు కాగితం చదివి, పుస్తకం ఆమె చేతికిచ్చారు.

ఓడ నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. రిజిస్టరులో కారణం రాయాల్సిన గడిలో మామయ్య చాలాసేపు ఆలోచించి, "సర్వనామం" అని రాశాడు.